ఒక పల్లె, ఒక పుస్తకం



సికింద్రాబాద్ జూబిలీ బస్టాండులో కరీంనగర్ బస్సెక్కితే కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట దాటాక శామీర్‌పేట వస్తుంది. మహా అయితే పాతిక కిలోమీటర్లు. ఆదివారం వస్తే చాలు, చెరువు చూడ్డానికి జనం పోతుంటారు. కట్ట మైసమ్మకు కోడిని కోసి, అక్కడే చెట్ల కింద వండుకుని, తిని వస్తారు. జింకల పార్కు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం కూడా అక్కడివే. ఇంతవరకు మనలో చాలామందికి తెలుసు. అయితే 1955లో ఇదే ఊరి మీద లండన్‌లో ఒక ఇంగ్లీషు పుస్తకం వెలువడిందనీ, భారతదేశపు పల్లె ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకున్న విదేశీ విద్యార్థులు చదివిన తొలి పుస్తకాల్లో అదొకటనీ తెలిసినవాళ్ళు తక్కువ.

ఆ పుస్తకం పేరు 'ఇండియన్ విలేజ్'. రాసినది శ్యామాచరణ్ దూబే. అప్పట్లో ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రం బోధించేవారు. అంతకుముందు ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు కమార్ గిరిజనుల మీద పనిచేసి పుస్తకం రాశారు. మనదేశంలో గిరిజన గూడేల మీద అప్పటికే చాలా పరిశోధన జరిగింది. మామూలు వ్యవసాయ గ్రామాన్ని పట్టుకుని, దాని కులాలు, కమతాలు, దేవతలు, పెళ్ళిళ్ళు, తిండి, తగాదాలు అన్నీ ఒక్కచోట కూర్చి పుస్తకం చేయడం మాత్రం అప్పటికి కొత్త. కార్నెల్ విశ్వవిద్యాలయపు మోరిస్ ఓప్లర్ దానికి ముందుమాట రాశారు. పుస్తకం పేరులో దేశమంతా ఉన్నా లోపల ఉన్నది ఒక్క శామీర్‌పేటే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో ఒక చిన్న రైతుపల్లె మీద ఇంకొకాయన పుస్తకం రాస్తున్నాడు. ఈ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ ప్రసంగం. మీ ఊరి గురించి నాలుగు పేజీలు మీ చేత రాయించాలన్నది ఇందులోని స్వార్థం.

ముందు దూబే శామీర్‌పేటకు వెళ్ళిన కాలం ఎలాంటిదో చూద్దాం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం పాలన ముగిసింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భావేకు మొదటి భూదానం దొరికింది. అదే ఏడు అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. మరి కొన్ని నెలలకు మొదటి సాధారణ ఎన్నికలు. ఇన్ని మార్పులు మీద పడుతున్న సమయంలో, 1951-52లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక సాంఘిక సేవా పథకం కింద తన మనుషులను శామీర్‌పేటకు పంపింది. సామాజిక శాస్త్రం వాళ్ళతో పాటు వైద్యం, పశువైద్యం, వ్యవసాయం, విద్య విభాగాలవాళ్ళు కూడా వెళ్ళారు. ఒకరు జబ్బులు చూస్తుంటే ఒకరు పశువులను చూశారు, మరొకరు పంటలు చూశారు. ఊరిలో పనికివచ్చే పని చేస్తూ ఊరిని తెలుసుకోవడం వారి పద్ధతి.

ఊళ్ళో ఒక మనిషికి గౌరవం దేనివల్ల వస్తుందన్న ప్రశ్నకు దూబే ఆరు కారణాలు చెప్పారు. మతమూ కులమూ ఒకటి. చేతిలోని భూమి రెండు. డబ్బు మూడు. సర్కారు కొలువు, ఊరి పెత్తనంలో స్థానం నాలుగు. వయసు అయిదు. ఇవన్నీ పోగా మనిషి సొంత గుణం ఆరు. పల్లెటూళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ పట్టిక చదవగానే తమ ఊరి ముఖాలు ఒక్కొక్కటీ గుర్తుకొస్తాయి. ఆస్తి లేకపోయినా పదిమంది మాట అడిగే పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. ఆస్తి ఉన్నా ఎవరూ లెక్కచేయనివాడూ ఉంటాడు. దూబే ఆ ఆరో కారణాన్ని వదలకపోవడం వల్లే పుస్తకంలో మనుషులు కనిపిస్తారు.

అప్పటి తెలంగాణ పల్లెలో కల్లం దగ్గర నిలబడితే ఊరి కట్టుబాటంతా కంటికి కనబడేది. ధాన్యం తూర్పారబట్టి రాశి పోశాక రైతు ఇంటికి గింజ పోకముందే కమ్మరి, వడ్ల, కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ వచ్చేవాళ్ళు. చెరువు నీళ్ళు పొలాలకు వంతులవారీగా పారించే నీరడి వచ్చేవాడు. ఏడాది పొడుగునా నాగలికర్రు సాగగొట్టినందుకు, బట్టలు ఉతికినందుకు, చెప్పులూ మోటబొక్కెనా కుట్టినందుకు నాగళ్ళ లెక్కన కొలిచి ఇచ్చేవాళ్ళు. వాళ్ళందరినీ కలిపి ఆయగాండ్లు అనేవారు. ఇక్కడ డబ్బు చేతులు మారదు. రైతుకు మంచి ఏడు వస్తే అందరికీ మంచి ఏడే. చెరువు ఎండితే అందరి పొయ్యీ ఆరుతుంది.

దీన్ని చూసి మన పల్లెలు ఎంత అన్యోన్యంగా ఉండేవోనని మురిసిపోతే సగం చూసినట్టే. అదే కల్లం దగ్గర కొలత ఎవరి చేతిలో ఉండేది? వెట్టి ఎవరు చేసేవాళ్ళు? ఊరికీ వాడకూ బావులు వేరు. దొరగారి గడి ముందు నుంచి ఎవరు చెప్పులు చేతబట్టుకుని నడిచేవాళ్ళు? ఊరి చరిత్ర రాయబోయేవాళ్ళు ఈ రెండో సగాన్ని దాటేస్తే అది ఒక కుటుంబం వంశావళి అవుతుంది, ఊరి చరిత్ర కాదు.

ఇక ఫ్రాన్సు సంగతి. లారెన్స్ వైలీ అమెరికాలో ఫ్రెంచి అధ్యాపకుడు. 1950లో భార్యనూ ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని దక్షిణ ఫ్రాన్సులోని వోక్లూజ్ జిల్లాకు వెళ్ళి, రూసియోన్ అనే కొండమీది పల్లెలో ఏడాది కాపురం పెట్టాడు. వెయ్యిలోపు జనం ఉండే ఊరు. చుట్టూ ఎర్రమట్టి కొండలు. ఆ మట్టిని రంగుల తయారీకి తవ్వి ఎగుమతి చేసేవాళ్ళు. ఆ వ్యాపారం దెబ్బతిన్నాక ఊరు వ్యవసాయం మీదే ఆధారపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో శామ్యూల్ బెకెట్ పారిస్ నుంచి నాజీల బారిన పడకుండా పారిపోయి 1942 నుంచి తలదాచుకున్నది కూడా ఈ ఊళ్ళోనే. తర్వాతి కాలంలో నోబెల్ బహుమతి అందుకున్న ఆ రచయిత అక్కడ రైతుల పొలాల్లో పనిచేసి పొట్టపోసుకున్నాడు.

వైలీ పుస్తకం 1957లో వచ్చింది. ఊళ్ళోవాళ్ళు బయటపడకూడదని ఆయన ఊరి పేరు మార్చి 'పేరాన్' అని రాశాడు. దూబే మాత్రం శామీర్‌పేటను శామీర్‌పేట అనే రాశారు. అందుకే ఈ రోజు మనం బస్సెక్కి ఆ ఊరికి పోగలుగుతున్నాం.

వైలీ గమనించిన ఒక విషయం చెప్పాలి. 1950లో ఆ ఊరి రైతులు పండ్లచెట్లు నాటడానికి ఒప్పుకునేవాళ్ళు కాదు. చెట్టు కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అప్పుడే కొరియాలో యుద్ధం మొదలైంది. మళ్ళీ ప్రపంచ యుద్ధం వస్తే తోట కాస్తా సైన్యాల పాలవుతుంది, ఈ కష్టం ఎందుకన్నది వారి లెక్క. పదేళ్ళ తర్వాత వైలీ మళ్ళీ వెళ్ళి చూస్తే అదే రైతులు తోటలు వేస్తున్నారు, అప్పు చేసి ట్రాక్టర్లు కొంటున్నారు. రేపటి మీద నమ్మకం కుదిరింది. ఆయన తిరిగి వెళ్ళినప్పుడు చూసినది పుస్తకం కొత్త ముద్రణల్లో చేర్చాడు.

ఇదే భయం ఇక్కడ ఇంకో రూపంలో ఉండేది. వచ్చే ఏడు ఈ చేను మన చేతిలో ఉంటుందో ఉండదో తెలియని కౌలుదారు అందులో బావి తవ్వడు, మామిడి మొక్క పెట్టడు. 1950 చట్టం రక్షిత కౌలుదారులకు హక్కు ఇచ్చింది. కాగితం చేతికందినవాళ్ళలో ఎంతోమంది చేతిలోంచి భూమి జారిపోయింది. వోక్లూజ్ రైతుకు భయం దేశాల యుద్ధం నుంచి వచ్చింది, తెలంగాణ కౌలుదారుకు పక్క గడి నుంచి వచ్చింది. ఇద్దరూ చెట్టు నాటలేదు. ఒక చేనులో చెట్లు ఎందుకు లేవని అడిగితే ఇంత చరిత్ర బయటపడుతుంది.

ఫ్రాన్సులో చిన్న పల్లెకు కూడా రాతకోతలు పుష్కలంగా ఉన్నాయి. విప్లవానంతరం 1792 నుంచి చావుపుట్టుకలు, పెళ్ళిళ్ళు ఊరి కార్యాలయంలోనే నమోదయ్యాయి. అంతకుముందు చర్చి పాదిరీ రాసేవాడు. 1789లో రాజు ప్రజల గోడు రాసి పంపమంటే వేల గ్రామాలు తమ కష్టాలు కాగితం మీద పెట్టాయి. ఉప్పు పన్ను గురించి రాశారు, జమీందారు పావురాలు విత్తనాలు తినిపోతున్నాయని కూడా రాశారు. 1807 చట్టంతో నెపోలియన్ ప్రభుత్వం ప్రతి చెక్కనూ కొలిపించి పటం గీయించింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దాదాపు ప్రతి ఊళ్ళోనూ చనిపోయిన సైనికుల పేర్లతో రాయి నిలబెట్టారు. 1889, 1900 పారిస్ ప్రదర్శనల కోసం బడిపంతుళ్ళ చేత వాళ్ళ వాళ్ళ ఊళ్ళ చరిత్ర రాయించారు. ఆ పంతులే చాలా ఊళ్ళలో ఊరి కార్యాలయానికి గుమాస్తా కూడా. దస్తరం ఆయన చేతిలోనే ఉండేది.

ఇలాంటి కాగితాలు ఉండబట్టే ఎమ్మాన్యుయేల్ లెరువా లాదురీ అనే చరిత్రకారుడు 1975లో 'మోంతాయూ' అనే పుస్తకం రాయగలిగాడు. అది పధ్నాలుగో శతాబ్దం మొదట్లోని ఒక కొండపల్లె కథ. మతద్రోహం పేరుతో ఒక బిషప్ ఆ ఊరి కాపరులనూ రైతులనూ ఆడవాళ్ళనూ పిలిపించి విచారించాడు. గుమాస్తాలు వాళ్ళ జవాబులన్నీ రాసిపెట్టారు. ఊరిని శిక్షించడానికి రాయించిన కాగితమే ఆరువందల ఏళ్ళ తర్వాత ఆ ఊరికి చరిత్ర ఇచ్చింది.

మనకూ కాగితాలు లేకపోలేదు. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర కైఫీయత్తులు, అంటే ఊళ్ళ వృత్తాంతాలు, సేకరించారు. సీ.పీ. బ్రౌన్ వాటికి ప్రతులు రాయించాడు. రాయలసీమ, కోస్తా పల్లెల చరిత్రకు అవి పెన్నిధి. నిజాం రాజ్యంలోని ఊళ్ళకు పట్వారీ దస్తరమే ఆధారం. ముఖ్యంగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ఇప్పటికీ తెలంగాణలో భూతగాదా కోర్టుకెక్కితే ముందు దాన్నే అడుగుతారు. దూబే పుస్తకం అచ్చయిన సమయానిదే అది.

ఆ పహాణీలో ఒక్క వరస తీసి చూడండి. సర్వే నంబరు ఉంటుంది. ఎకరాలు, గుంటలు ఉంటాయి. ఖుష్కియా (మెట్ట), తరియా (మాగాణి), బాగాతా (తోట) అని ఉంటుంది. నీళ్ళు చెరువు కిందివా, బావివా అన్నది, పట్టాదారు పేరు, సాగు చేస్తున్నవాడి పేరు, వేసిన పంట అన్నీ ఉంటాయి. మనవాళ్ళు అందులో పట్టాదారు పేరొక్కటి చూసుకుని కాగితం మడిచేస్తారు. పక్క గళ్ళు కూడా చదివితే ఆ ఏడు ఊరు ఏం తిన్నదో, ఎన్ని బావులు పారాయో, ఎవరి భూమిని ఎవరు దున్నారో తెలుస్తుంది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక ఆ దస్తరాల్లో కొన్ని ఆఫీసులకు చేరాయి, కొన్ని ఇళ్ళలో అటకెక్కాయి. ఉర్దూ చదవగలిగే పెద్దలు ఇంకా ఉండగానే వాటిని చదివించుకోవాలి.

ఊరివాళ్ళ పేర్లు చరిత్రలోంచి ఎలా జారిపోతాయో చూడాలంటే మన సికింద్రాబాద్ సంగతే తీసుకోండి. నిజాం కొలువులో గాస్కనీ ప్రాంతపు ఫ్రెంచి సేనాని రేమండ్ ఉండేవాడు. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు. ఆ సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్ళతో సంధి చేసుకున్నాడు, అక్టోబరులో ఫ్రెంచి దళాలను రద్దు చేశారు. ఇంగ్లీషు సైన్యం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన డేరాలు వేసింది. 1806లో ఆ దండుకు అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఇది అందరూ చెప్పే చరిత్ర. రేమండ్ సమాధి ఇప్పటికీ మూసారాంబాగ్ దగ్గర గుట్టమీద ఉంది. అయితే ఆ డేరాలు పడిన నేల ఎవరిది? అల్వాల్, తిరుమలగిరి, మారేడుపల్లి, బోయిన్‌పల్లి, మల్కాజ్‌గిరి, లాలాగూడ ఇవన్నీ పల్లెలే. బోయిన్‌పల్లి పక్కన హస్మత్‌పేటలో రాకాసిగుళ్ళు ఉన్నాయి. ఇనుము వాడకం వచ్చిన కాలంలో ఇక్కడ బతికినవాళ్ళు చనిపోయినవారికి రాళ్ళు పేర్చి కట్టిన సమాధులవి. అంటే దండు రాకముందు వేల ఏళ్ళుగా ఇక్కడ ఊళ్ళున్నాయి. దండు వచ్చిన సంవత్సరం మనకు తెలుసు. దండు కోసం చేను వదులుకున్న రైతు పేరు ఒక్కటీ మన పుస్తకాల్లో లేదు.

మళ్ళీ శామీర్‌పేటకు వద్దాం. దూబే పుస్తకం 1955 దగ్గర ఆగింది. ఊరు ఆగలేదు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ద్రాక్ష వచ్చింది. రాతి కడీలు పాతి, తీగలు లాగి, పందిళ్ళకు అనాబ్-ఎ-షాహీ పాకించారు. మేడ్చల్, శామీర్‌పేట వైపు పోతే రోడ్డుకిరువైపులా పందిళ్ళే కనిపించే రోజులుండేవి. హైదరాబాద్ ద్రాక్ష అంటే దేశమంతా పేరు. తర్వాత భూగర్భజలం అడుగంటింది, భూమి ధర ఆకాశానికెక్కింది. తోట కంటే ప్లాటు లాభమనిపించింది. అవుటర్ రింగు రోడ్డు వచ్చింది. మొదటి పందిరి ఎవరు వేశారు, ఆఖరి పందిరి ఎప్పుడు తీసేశారు, ఆ కడీలు ఇప్పుడు ఏ ఇంటి ప్రహరీలో ఉన్నాయి? చెప్పగలిగే రైతులు ఇంకా మన మధ్య ఉన్నారు. అడగాలి.

ఇంకొకటి. దూబే రోజుల్లో ఊళ్ళో మశూచి సోకితే పోచమ్మ వచ్చిందనేవాళ్ళు. వేపమండలు కట్టి, సాకపోసి, మొక్కు చెల్లించేవాళ్ళు. 1975తో మనదేశంలో మశూచి కథ ముగిసింది. శామీర్‌పేటకు కూతవేటు దూరంలోని తుర్కపల్లి ఇప్పుడు జీనోమ్ వ్యాలీ. కోవిడ్ వచ్చినప్పుడు కోవాగ్జిన్ టీకా తయారైంది అక్కడే. అయినా ఆషాఢం వస్తే పోచమ్మకు బోనం ఆగలేదు. టీకా తయారుచేసే కంపెనీలో ఉద్యోగం చేసి సాయంత్రం ఇంటికొచ్చి బోనమెత్తే ఆడబిడ్డకు ఇందులో తేడా ఏమీ కనిపించదు. పాతది పోయి కొత్తది వస్తుందని మనం అనుకుంటాం. ఊరు మాత్రం రెండింటినీ ఒకే ఇంట్లో పెట్టుకుంటుంది. ఈ మాట పరిశోధకుడి కంటే ఆ ఊరి మనిషి రాస్తేనే బాగుంటుంది.

ఊరి చరిత్ర రాయడానికి డాక్టరేటు అక్కర్లేదు. ఫ్రాన్సులో బడిపంతుళ్ళు రాశారు. మన దగ్గర ఇంటరు చదివే పిల్లలు కూడా మొదలుపెట్టవచ్చు. రాజు పేరుతో మొదలుపెట్టకండి, చెరువుతో మొదలుపెట్టండి. దాని తూములెన్ని, ఆయకట్టు ఎంత, అలుగు చివరిసారి ఎప్పుడు పారింది, నీరడి ఎవరి ఇంటివాడు అని అడగండి. చేన్లకు మీ తాతలు ఏ పేర్లు పెట్టుకున్నారో రాయండి. సర్వే నంబర్లు ఆఫీసులో దొరుకుతాయి, ఆ పేర్లు మాత్రం ముసలివాళ్ళతోనే పోతాయి. బొడ్రాయి ఎప్పుడు నిలబెట్టారు, ఏ కులం ఏ పని ఎప్పుడు మానేసింది, మొదటి బస్సు, మొదటి కరెంటు బుగ్గ, మొదటి బోరు ఎప్పుడు వచ్చాయి, బొంబాయికో దుబాయికో మొదట పోయినవాడెవడు? వాడకు కూడా పోయి అడగండి. మగవాళ్ళను అడిగిన ప్రశ్నే ఆడవాళ్ళనూ అడగండి. వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. ఒకరి మాట ఇంకొకరి మాటతో కలవకపోతే కొట్టివేయకుండా రెండూ రాయండి.

రాసినదాన్ని ఒక ప్రతి ఊరి బడిలో, ఒక ప్రతి మండల గ్రంథాలయంలో ఇవ్వండి. ఫోనులో పెద్దవాళ్ళ గొంతు రికార్డు చేసి, ఎవరు మాట్లాడారో, ఏ తేదీనో ముందే చెప్పి దాచండి. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళండి. ఎనభై దాటినవాళ్ళను ముందు కలవండి, వాళ్ళ తర్వాతే మిగతావాళ్ళు.